పచ్చరంగు కింద పద్నాలుగు వోల్టులు

నా జీవితంలో నేను గర్వంగా చెప్పుకోగల అంకెలు రెండే రెండు. మొదటిది పదో తరగతి లెక్కల పరీక్షలో వచ్చిన ముప్పై ఆరు. పాసవడానికి ముప్పై అయిదు చాలు. ఆ పైన వచ్చిన ఒక్క మార్కే నా స్వయంప్రతిభ అని ఇన్నేళ్ళుగా నమ్ముతున్నాను. రెండోది పద్నాలుగు పాయింట్ రెండు. ఇది మార్కు కాదు, వోల్టేజీ. దీన్ని సంపాదించడానికి నాకు ఆరు వారాలు పట్టింది. రెండు బ్యాటరీలు, ఉన్న కాస్త పరువు ఖర్చయ్యాయి.

నేను దోహాలో తోటల పని చేసే ఒక కంపెనీలో స్టోర్‌కీపర్ని. మా యార్డు ఊరికి దక్షిణాన, బిర్కత్ అల్ అవామిర్‌లో ఉంది. చుట్టూ గోదాములు, లేబర్ క్యాంపులు, వరసగా నిలబడ్డ లారీలు. పచ్చిక పెంచి పోషించే కంపెనీయే గాని మా యార్డులో వెతికినా గడ్డిపరక దొరకదు. ఎరువు బస్తాలు, నీటి పైపులు, గడ్డికోసే బ్లేడ్లు, అన్నిటికీ నేనే కాపలా. పాలకొల్లు దగ్గర కాలవగట్టు మీద పుట్టి, పచ్చదనాన్ని ఎవరినీ అడగకుండా చూసి పెరిగినవాణ్ణి, ఇక్కడికొచ్చి గడ్డి విత్తనాలకు వోచర్లు రాస్తూ బతుకుతున్నాను.

ఆ యార్డులో ప్రాణమున్నట్టు అనిపించే వస్తువు ఒక్కటే, ఒక గార్డెన్ ట్రాక్టరు. పేరుకు ట్రాక్టరే గాని పొలం దున్నేది కాదు. మనిషి కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి దగ్గరగా వచ్చేంత చిన్నది. కడుపు కింద తిరిగే బ్లేడ్లతో పచ్చిక కోసుకుంటూ పోతుంది. దాన్ని నడిపేది జగిత్యాల దగ్గరి పల్లెటూరాయన. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. నేను ఆయన్ని అన్నా అంటాను, ఆయన నన్ను సారూ అంటాడు. ఆయన వయసుకు నేను, నా కుర్చీకి ఆయన మర్యాద ఇచ్చుకుంటామన్నమాట.

ఈ దేశం వచ్చిన కొత్తలో ఆయన పన్నెండేళ్ళు స్కఫోల్డింగ్ కట్టాడు. ఇనపగొట్టాలు ఎక్కీ దిగీ కుడి మోకాలు అరిగిపోయింది. మా కంపెనీలో చేరాక బ్రష్ కట్టరు ఇచ్చారు. భుజానికి వేలాడేసుకుని రోజంతా నిలబడి కలుపు కోసే యంత్రం అది. ఆ మోకాలితో ఒక ఎండాకాలం గడిపేసరికి ఆయన నడక చూసి జాలిపడి ఎవరో ట్రాక్టరు ఎక్కించారు. మన రాజకీయాల్లో సీటు దొరికినవాడికి కూడా అంత సంతోషం ఉండదేమో. నాలుగేళ్ళుగా ఆ సీటు ఆయనదే. ఆయన కోసిన పచ్చిక మీద గీతలు స్కేలు పెట్టి గీసినట్టు ఉండేవి. మా గోదావరి వైపు నాట్లు వేసే ఆడవాళ్ళ వరసల తర్వాత అంత తిన్నటి గీతలు నేను ఆయన పనిలోనే చూశాను.

ఇంటికి ఫోన్ చేస్తే ఆయన భార్య ఈయన కంటే ముందు బండి క్షేమం అడిగేదట.

"'దుబాయ్ల నీ ట్రాక్టర్ మంచిగున్నదా' అంటది సారూ. ఇది దుబాయ్ గాదే, ఖతారే అని వందసార్లు చెప్పిన. 'గదే, ఖతార్ దుబాయ్' అంటది."

ఊళ్ళోవాళ్ళందరూ ఈయన ఎడారిలో వరి పండిస్తున్నాడనే అనుకుంటున్నారట. ఈయన కూడా కాదనలేదు.

దసరా ముందు వారం ఆయన స్టోరు కిటికీ దగ్గరికొచ్చాడు.

"సారూ, పచ్చరంగు డబ్బా ఉన్నదా?"

"దేనికన్నా?"

"బండికి. పండుగకు పూజ చెయ్యాలె గద. రంగంత లేశిపోయింది. గసుంటి మొఖానికి బొట్టెట్ల పెడుతం?"

ఆయన వైపు దసరాకు ఎవరి పనిముట్టుకు వాళ్ళు పూజ చేసుకుంటారు. నాగలైనా సరే, లారీ అయినా సరే. గేట్లకు వేయగా మిగిలిన సగం డబ్బా నా దగ్గర ఉంది, ఇచ్చాను. వోచరులో ఎందుకని రాయాల్సిన చోట 'మెయింటెనెన్స్' అని రాశాను. అబద్ధం కాదు. ఆ బండికి అంత మెయింటెనెన్స్ కంపెనీ ఎప్పుడూ చేయలేదు. ఆ శుక్రవారం ఆయన బండిని ఏ ముక్కకాముక్క విప్పి, గరుకు కాగితంతో రుద్ది, లోపలా బయటా రెండేసి పూతలు వేశాడట. శనివారం పొద్దున నేను వెళ్ళేసరికి పెళ్ళికూతురిలా నిలబడి ఉంది. పసుపు, కుంకుమ, మా నర్సరీ బంతిపూలు, చక్రాల కింద నిమ్మకాయలు.

"మీరు క్రిస్టియన్లు గద సారూ, ప్రసాదం తింటరా?" అని కాస్త మొహమాటంగా అడిగాడు.

"కొబ్బరిముక్క దగ్గర నేను మతం చూడనన్నా. మాకు ఏరు దాటితే కోనసీమే," అన్నాను. రెండు ముక్కలు తిన్నాను.

తర్వాతి వారం నుంచి బండి లేవడం మానేసింది.

తాళం తిప్పితే టిక్కుమనేది, అంతే. పికప్ వాను బ్యాటరీకి కేబుళ్ళు తగిలించి లేపితే లేచేది. పది గంటలకల్లా బ్లేడ్లు ఆగిపోయేవి. ఆ బండిలో బ్లేడ్లను తిప్పే క్లచ్చు కరెంటుతోనే పట్టుకుని ఉంటుంది. బ్యాటరీ నీరసిస్తే అది చెయ్యి వదిలేస్తుంది. బండి నడుస్తూనే ఉంటుంది, గడ్డి మాత్రం తెగదు. బ్యాటరీ పాతదే కాబట్టి అందరం దాని మీదే నింద వేశాం. నేనే కొత్తది ఇష్యూ చేశాను. రెండు వారాలకు అదీ పడుకుంది.

మా మెకానిక్ సెలవు మీద ఊరెళ్ళాడు. నేను ఊరుకుంటే సరిపోయేది. కాని ఒకప్పుడు పాలకొల్లులో రెండేళ్ళు టీవీలు బాగుచేసిన చరిత్ర నాకుంది. నా దగ్గరికొచ్చిన టీవీలు కొన్ని నిజంగానే బాగుపడ్డాయి. పైగా నా సొరుగులో ఒక పసుపుపచ్చ మల్టీమీటరు ఉంది. ముషైరిబ్‌లో పాత దుకాణాలు ఇంకా కూల్చని రోజుల్లో కొన్నాను. ఇప్పుడక్కడ అద్దాల మేడలు, మెట్రో స్టేషను. ఆ వీధిలో మిగిలింది నా మీటరొక్కటేనేమో, దాని వీపుకు టేపు చుట్టి కాపాడుకుంటున్నాను.

ఇంజనీరు దగ్గరికెళ్ళి, "ఈ ట్రాక్టరు సంగతి నేను ఛార్జి తీసుకుంటాను," అన్నాను. తీసుకున్నాను కూడా. బండి మాత్రం తీసుకోలేదు.

మా ఇంజనీరు ఈజిప్టు మనిషి. మంచివాడే గాని ఓపిక తక్కువ. నేను ఆయనకి ధైర్యం చెప్పి పని మొదలుపెట్టాను. బ్యాటరీ కొత్తదే కదా, తప్పు రెగ్యులేటర్‌దే అయి ఉంటుందని తీర్మానించాను. అరచేతిలో ఇమిడే అల్యూమినియం డబ్బా అది, ఒంటినిండా రెక్కలుంటాయి. ఇంజను పుట్టించే కరెంటును అదుపుచేసి బ్యాటరీకి పంపేది అదే. మూల పడేసిన ఇంకో యంత్రం నుంచి అలాంటిదే ఒకటి పీకాను. మా బండిలో పాతదాన్ని విప్పుతుంటే బోల్టుల కింద, డబ్బాకు ముందూ వెనకా నల్లటి రబ్బరు బిళ్ళలు కనిపించాయి.

"ఇవేంటన్నా?"

"నేనే ఏసిన సారూ. పాత చెప్పు కోసి చేసిన. కొత్త రంగు గీసుకపోతది గద బోల్ట్ బిగిస్తె."

ఎంత శ్రద్ధ, అనుకున్నాను. ఆ బిళ్ళల్ని జాగ్రత్తగా తుడిచి, కొత్త రెగ్యులేటర్ కింద నా చేత్తో నేనే మళ్ళీ పెట్టి బిగించాను. ఈ వాక్యం రాస్తుంటే నాకిప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

ఇంకో కొత్త బ్యాటరీ ఇష్యూ చేసుకుని, రాత్రంతా ఛార్జరుకు తగిలించాను. పొద్దున్నే ఛార్జరు తీసి, ఇంజను స్టార్ట్ చేసి, మీటరు పెడితే పదమూడు చూపించింది. నిజానికి బండి తనంతట తాను ఛార్జి చేసుకుంటుంటే పద్నాలుగు దాకా రావాలి. ఈ పదమూడు రాత్రి ఛార్జరు పోసిన దాంట్లో మిగిలిందే. అది నాకు తెలియదా అంటే తెలుసు. కాని పాసు మార్కు కనిపిస్తే పుస్తకం మూసేసే అలవాటు చిన్నప్పటిది. ఇంజనీరుకు ఫోన్ చేసి, "అయిపోయింది, వచ్చి చూడండి," అన్నాను.

ఆయన వచ్చాడు. విల్లాల కాంపౌండు మధ్య పెద్ద పచ్చిక. అన్న ఉతికిన యూనిఫాం వేసుకుని సీటెక్కాడు. గంట బాగా నడిచింది. గంటన్నర నడిచింది. నేను ఇంజనీరు పక్కన చేతులు కట్టుకుని, చాలా మామూలు విషయమన్నట్టు నిలబడ్డాను. రెండు గంటలు కాబోతుండగా, సరిగ్గా పచ్చిక నడిమధ్యలో, బ్లేడ్ల చప్పుడు ఆగిపోయింది. కోసిన సగం, కోయని సగంతో ఆ లాన్ కరెంటు పోయిన క్షౌరశాలలోంచి లేచొచ్చిన తలలా ఉంది.

"ఖలాస్," అన్నాడు ఇంజనీరు. "రెండు బ్యాటరీలు తినేసింది. ఇది స్క్రాప్‌కి పోతుంది. ఆదివారం అద్దె మెషిన్ వస్తుంది, ఆపరేటరు దానితోనే వస్తాడు."

"మరి ఈయన?"

"బ్రష్ కట్టర్."

ఇంగ్లీషులో అన్నా ఆ రెండు ముక్కలూ అన్నకు తెలుసు. సీటు మీంచి దిగలేదు. స్టీరింగు మీద పడ్డ గడ్డిపొట్టు వేలితో తీస్తూ కూర్చున్నాడు.

"శుక్రవారం సెలవే కదా, ఆ ఒక్కరోజు ఇవ్వండి," అన్నాను.

"నీ శుక్రవారం నీ ఇష్టం. ఆదివారం పొద్దున నేనొస్తా. నాలుగు గంటలు ఆగకుండా నడవాలి. ఆగిందా, మాఫీ ట్రాక్టర్." మాఫీ అంటే ఇక్కడి భాషలో లేదని.

యార్డుకు పికప్‌లో తిరిగొస్తున్నాం. ఏదైనా అంటాడేమో, తిట్టినా బాగుండు అనుకుంటున్నాను.

"కట్టర్ ఏస్కొని నిలవడుడు నాతోని గాదు సారూ," అన్నాడు చివరికి. "మోకాలు రెండు నెలలు గూడ ఆగది. ఊరికి పోవుడే."

"ఇంట్లో చెప్పారా?"

"ఏమని చెప్పాలె? ఆమె మొదలు బండినే అడుగుతది."

ఇక్కడ ఆరాధన సెలవురోజైన శుక్రవారమే. ఆ పొద్దున చర్చి నుంచి అల్ ముంతజాలోని మా ఇంటికి వచ్చేదాకా ఆగి, మా ఆవిడ అడిగింది:

"ఏవండీ, ప్రార్థనలో కళ్ళు మూసుకుని వేళ్ళు లెక్కపెడుతున్నారు. ఏంటది?"

"వోల్టులు."

"దేవుడికి కూడా రీడింగులు అప్పజెప్పారా! మన మిక్సీ విప్పి నాలుగు నెలలైంది, దాని కోసం ఒక్క ఆమెన్ అనలేదు మీరు."

"మిక్సీ ఉద్యోగం పోదు కదా."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. చేపల పులుసు, అన్నం రెండు క్యారియర్లలో సర్ది చేతికిచ్చింది. "ఒకటి ఆయనకి. బాగైనా బాగవకపోయినా ఇద్దరూ తిన్నాకే లేవండి," అంది.

నేను వెళ్ళేసరికి అన్న రాత్రి బ్యాటరీని ఛార్జరుకు పెట్టి, పొద్దున్నే బండిని కంటెయినర్ నీడలోకి తోసి, బానెట్ ఎత్తి, తుడిచి ఉంచాడు. ముందు ఒక కొత్త నిమ్మకాయ కూడా కట్టాడు.

"దిష్టి తాకింది సారూ. పండుగనాడు మస్తుమంది సూశిండ్రు."

"నిమ్మకాయ ఉండనివ్వండి. పక్కన మీటరు కూడా పెడదాం."

ఈసారి దొంగతోవలు వద్దని ఒట్టు పెట్టుకున్నాను. ఇంజను చక్రం కింద తీగచుట్ట ఉంటుంది, కరెంటు అక్కడ పుడుతుంది. రెగ్యులేటర్ గుండా వెళ్ళి, అణకువ నేర్చుకుని, బ్యాటరీకి చేరుతుంది. పుట్టిల్లు, దారి, అత్తిల్లు. ఎక్కడో ఒకచోట పెళ్ళికూతురు తప్పిపోతోంది. అత్తిల్లు బాగానే ఉంది, బ్యాటరీ కొత్తది. పుట్టింట్లో చూద్దామని తీగచుట్ట ప్లగ్గు ఊడదీసి, ఇంజను పూర్తి వేగంతో తిప్పమన్నాను. మీటరు ముప్పై చూపించింది. పుట్టింటివాళ్ళు దివ్యంగా ఉన్నారు. ఫ్యూజు చూశాను, బాగుంది. తీగలన్నీ వేళ్ళతో తడిమి, మీటరుతో కొలిచాను, ఎక్కడా తెగలేదు. మళ్ళీ అన్నీ కలిపి ఇంజను తిప్పితే బ్యాటరీ దగ్గర పన్నెండు పాయింట్ నాలుగు. అలా చూస్తుండగానే పాయింట్ మూడు.

అన్నీ ఒప్పే, మొత్తం తప్పు. పదో తరగతి లెక్కల పేపరు గుర్తొచ్చింది.

ఇంజను ఆపి అన్నం తిన్నాం. అన్న చేపముళ్ళు తీరిగ్గా ఏరుకుంటూ, నన్ను ఓదార్చడానికి కాబోలు, బండిలోని మంచి గుణాలు చెప్పడం మొదలుపెట్టాడు. బ్రేకు బాగుందట. చప్పుడు తక్కువట.

"గీ రెక్కల డబ్బా గూడ మంచిగైంది సారూ. మునుపు మస్తు కాలేది. ఒకపారి బానెట్ లేపి సూస్తుంటె చెయ్యి తాకి బొబ్బొచ్చింది. ఇప్పుడు ఎంతసేపు నడిపినా సల్లగుంటది."

నా చేతిలో ముద్ద ఆగిపోయింది.

"ఎప్పటినుంచి చల్లగా ఉందన్నా?"

"దసరా సంది."

"మొన్న నేను వేసిన కొత్తది కూడానా?"

"గదీ సల్లగనే ఉన్నది. రెండూ మంచివే."

పనిచేసే రెగ్యులేటర్ వేడెక్కి తీరాలి. చల్లగా ఉందంటే పని చేయడం లేదని. ఒకటి చెడిపోయిందంటే నమ్మవచ్చు. రెండూ ఒకేలా చల్లబడ్డాయంటే తప్పు వాటిలో లేదు, వాటిని కూర్చోబెట్టిన చోట ఉంది. చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోకుండా లేచాను. ఆ డబ్బాకు కనిపించే తీగలు మూడే. కనిపించని నాలుగో తీగ దాని ఒళ్ళే. అల్యూమినియం ఒళ్ళు బండి ఇనుముకు ఆనుకుని ఉంటేనే కరెంటు చుట్టు తిరిగి రాగలదు. దాన్నే ఎర్త్ అంటాం. మన తెలుగులో ఒకరికి ఎర్త్ పెట్టాడంటే ఉద్యోగానికి ఎసరు పెట్టాడని అర్థం. ఇక్కడ ఎర్త్ లేకపోవడమే అన్న ఉద్యోగానికి ఎసరు తెచ్చింది. డబ్బాకీ బండికీ మధ్య రెండు పూతల పచ్చరంగు, ఆ పైన చెప్పు ముక్కలు. ఆ చెప్పు ముక్కల్ని రెండోసారి బిగించింది ఎవరో ముందే ఒప్పుకున్నాను.

కాని ముప్పై ఆరు మార్కులవాడు తనను తాను అంత తొందరగా నమ్మకూడదు. ఒక తీగముక్క తీసుకుని, ఒక కొస బ్యాటరీ మైనస్‌కు బిగించాను. అన్నను ఇంజను స్టార్ట్ చేసి వేగం పెంచమన్నాను. మీటరులో పన్నెండు పాయింట్ మూడు. తీగ రెండో కొస రెగ్యులేటర్ రెక్కకు ఆనించాను.

పద్నాలుగు పాయింట్ రెండు.

తీసేశాను. పన్నెండు మూడు. ఆనించాను. పద్నాలుగు రెండు. నాకు ఆపబుద్ధి కాలేదు. ఎనిమిది సార్లు చేసి ఉంటాను. అన్న సీటు మీంచి వంగి, ఇంజను చప్పుడులో అరిచాడు:

"ఏమైంది సారూ? ఒక్కరే నవ్వుకుంటున్నరు!"

ఇంజను ఆపించి చెప్పాను. చెబుతుండగానే నా నవ్వు ఎటో పోయింది. ఎందుకంటే ఆయన ముఖంలో రంగు పోయింది.

"గంటే... నేనే చంపిన్నా నా బండిని?"

"చంపలేదన్నా. కట్టేశారంతే. అందులో సగం వాటా నాది. రంగు ఇచ్చింది నేను. ఆ చెప్పుముక్కలు చూసి మురిసిపోయి మళ్ళీ పెట్టింది కూడా నేనే. మీరు ప్రేమతో చేశారు, నేను చదువుకుని చేశాను."

ఆయన సీటు దిగి వచ్చాడు. తర్వాత చెయ్యి చాచాడు.

"గరుకు కాగితం ఇటియ్యిండ్రి. నేనే గీకుత."

గీకాడు. డబ్బా కూర్చునే మేర మాత్రం, అంతకు మించి ఒక్క నూలు దాటకుండా. బోల్టుల మీద, కన్నాల చుట్టూ కూడా రుద్దాడు. కాగితం ఆడిన ప్రతిసారీ తన ఒంటి మీదే ఆడినట్టు మొహం చిట్లించాడు. కింద తెల్లటి ఇనుము మెరిసింది. చెప్పుముక్కలు జేబులో వేసుకున్నాడు, పారేయలేదు. రెగ్యులేటర్‌ని ఇనుము మీద నేరుగా పెట్టి బిగించాం. ఈసారి తీగముక్క సాయం లేకుండా మీటరు పద్నాలుగు పాయింట్ రెండు చూపించింది.

ఇరవై నిమిషాలు నడిపి ఆపాక అన్న ఆ డబ్బా మీద వేలు పెట్టి, చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"కాలింది సారూ!" అన్నాడు. "అబ్బ, కాలింది!" వేలు ఊదుకుంటూ నవ్వాడు. వేలు కాలినందుకు అంత సంతోషించిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. నేనూ పెట్టి కాల్చుకున్నాను, ఆ సంతోషంలో నా వాటా వదులుకోబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి చూపుడువేలు చూపిస్తే మా ఆవిడ పేస్టు రాస్తూ, "గెలిచినవాళ్ళు పతకాలు తెస్తారు గాని వేళ్ళు కాల్చుకుని రారండీ," అంది. పేస్టు మాత్రం ధారాళంగా రాసింది.

ఆదివారం పొద్దున ఇంజనీరు వచ్చేసరికి బండి లాన్ అంచున నిలబడి ఉంది. రాత్రి ఛార్జరు పెట్టలేదు. పెట్టవద్దని నేనే పట్టుబట్టాను. ఈసారి మిగులు ఛార్జితో కాదు, సొంత సంపాదనతో నడవాలి. అద్దె మెషిన్ కూడా లారీ మీద వచ్చి గేటు బయట ఆగింది. దాన్ని చూసి అన్న బండికి కట్టిన నిమ్మకాయ సరిచేశాడు, నేను చేతిలో మీటరు సరిచేసుకున్నాను.

"యల్లా, ఇక కానివ్వండి," అన్నాడు ఇంజనీరు.

మొదటి రెండు గంటలు నేను గడియారం చూడలేదు, బ్లేడ్ల చప్పుడే వింటూ నిలబడ్డాను. పోయినసారి ఆగిన చోటుకు బండి వస్తుంటే నేను రెండడుగులు ముందుకు వేశాను. అన్న అక్కడికి వచ్చి, ఆ చోటు దాటేటప్పుడు ఒక్కసారి నా వైపు చూశాడు. దాటిపోయాడు. చప్పుడు ఆగలేదు. మూడో గంటలో ఇంజనీరు తనే చెయ్యెత్తి బండి ఆపించి, తాళం తీసి, మళ్ళీ తిప్పమన్నాడు. లేచింది. మళ్ళీ ఆపు, మళ్ళీ తిప్పు. అయిదుసార్లు. అయిదుసార్లూ మొదటి పిలుపుకే లేచింది. నాలుగు గంటలు పూర్తయ్యేసరికి లాన్ అంతా ముదురు గీత, లేత గీత, ముదురు గీత, లేత గీత. ఒక్కటీ వంకర లేదు.

ఇంజనీరు ఆ గీతల్ని చివరిదాకా చూశాడు. "తమామ్," అన్నాడు. అంటే భేషుగ్గా ఉందని. గేటు దగ్గరికెళ్ళి లారీవాడితో ఏదో మాట్లాడాడు. అద్దె మెషిన్ దిగకుండానే లారీ వెనక్కి తిరిగింది.

"దిగండన్నా, టీ తాగుదాం," అన్నాను.

"ఒక్క మూల మిగిలింది సారూ," అన్నాడు. ఏ మూలా మిగల్లేదు. కోసిందే మళ్ళీ కోస్తూ ఇంకో రెండు చుట్లు తిరిగాడు. తర్వాత సీటు మీద కూర్చునే ఇంటికి వీడియో కాల్ చేశాడు. బండి చుట్టూ ఫోను తిప్పి చూపించి, చివర్లో నా వైపు తిప్పాడు.

"గీ సారే. బండికి మల్ల పానం పోశిండు."

అవతల ఒకావిడ కొంగు సర్దుకుని దండం పెట్టింది. "మీరు సల్లగుండాలె సారూ. దుబాయ్ల ఆయనకు గీ బండే దిక్కు," అంది. ఖతారని దిద్దడానికి నాకు నోరు రాలేదు. అంత గర్వంగా ఉన్నప్పుడు మనిషి భూగోళం ఏం చెబుతాడు?

మరుసటి దసరాకు అన్న మళ్ళీ స్టోరు కిటికీ దగ్గరికొచ్చాడు. రంగు డబ్బా ఇచ్చాను. వోచరు రాస్తున్న నా చేతి వైపు చూసి, "టేప్ గూడ ఒకటి రాయిండ్రి," అన్నాడు. పండగ పొద్దున వెళితే బండి మళ్ళీ కొత్త పెళ్ళికూతురే. బానెట్ ఎత్తి చూపించాడు. రంగు పడకుండా ముందే టేపు అంటించి, ఆరాక తీసేశాడు. రెగ్యులేటర్ నేరుగా ఇనుము మీద కూర్చుని ఉంది, చుట్టూ వెంట్రుకవాసి తెల్లటి అంచు. తక్కినదంతా నిగనిగలాడే పచ్చ.

ఆయన పసుపు రాశాడు, బొట్టు పెట్టాడు, పూలు పెట్టాడు. కొబ్బరికాయ చేతిలోకి తీసుకుని ఆగి, నా వైపు తిరిగాడు.

"మీరు బొట్టు పెట్టరు గద సారూ. మీటర్ పెట్టుండ్రి."

సంచిలోంచి నా పసుపుపచ్చ మీటరు తీశాను. ఆయన సీటెక్కి ఇంజను లేపి, వేగం పెంచి, దిగొచ్చి కొబ్బరికాయ పైకెత్తి నిలబడ్డాడు. మీటరు పుల్లలు రెండూ బ్యాటరీకి ఆనించి, అంకె నిలిచేదాకా ఆగి, ఆ చప్పుడులో వినిపించేలా గొంతెత్తి చదివాను:

"పద్నాలుగు పాయింట్ రెండు!"

ఆయన కాయ కొట్టాడు.